ముందు ఫోను

మైదుకూరులో అలారమన్న అంటే తెలియని అంగడి ఉండేది కాదు. ఆయన అసలు పేరు రేషన్ కార్డు మీద, కరెంటు బిల్లు మీద మాత్రమే బతికింది. ప్రొద్దుటూరు రోడ్డులో ఒక మేడమెట్ల కింద గూడంత అంగడి. బోర్డు లేదు. కాలిపోయిన హూటరు ఒకటి గుమ్మానికి వేలాడేది, అదే బోర్డు. డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతున్న రోజుల్లో నేను ఆయన దగ్గర చేరి నాలుగేండ్లు టూల్ బ్యాగు మోసినాను.

ఆయన పోయింది 2021 మే నెలలో, బెంగళూరులో. ఆ నెలలో పోయినవాళ్లకు దినాలు కూడా సరిగా జరగలేదు. అయితే ఆయన పడిపోయింది అప్పుడు కాదు. అంతకు నాలుగేండ్ల ముందు, పెద్ద నోట్లు రద్దయిన మరుసటేడు, ఒక ఆదివారం రాత్రి, నిచ్చెన మీదనుంచి క్షేమంగా కిందికి దిగిన తర్వాత.

ఆ రాత్రి గురించి చెప్పాలంటే ముందు మా ఊరి బంగారం గురించి చెప్పాల.

మాది నాలుగు దారులు కలిసే ఊరు. కడప, నంద్యాల, ప్రొద్దుటూరు, బద్వేలు, ఎటుపోవాలన్నా మా సర్కిల్ తాకి పోవాల్సిందే. కేసీ కాలువకు నీళ్లొస్తే వరి, రాకుంటే అప్పు. పసుపు వేస్తారు, ఉల్లిగడ్డ వేస్తారు, ధర మీద జూదం ఆడతారు. ఈ ఊళ్లల్లో ఆడవాళ్ల మెడ ఒక బ్యాంకు. విత్తనానికి ముందు గొలుసు కిందికి దిగుతుంది, పసుపు అమ్మినాక మళ్లీ పైకెక్కుతుంది. ధర పలకని ఏడు ఎక్కదు. అందుకే మా దిక్కు బంగారం బీరువాలో ఉండేది తక్కువ, కుదువలో ఉండేది ఎక్కువ. పక్కనే, ఇరవై కిలోమీటర్ల దూరంలో ప్రొద్దుటూరు, బంగారం వ్యాపారానికి రెండో బొంబాయి అని పేరు. ఇంత బంగారం ఒక చేతిలోంచి ఇంకో చేతికి తిరిగే చోట రాత్రిపూట దాన్ని కాయడం ఒక పని. ఆ పని మీదే అన్న బతికినాడు.

టేప్ రికార్డర్లతో మొదలుపెట్టినాడు. అవి పోయినాక స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు. ఆ తర్వాత అలారాలు. మొదట్లో సైరను మాత్రం మోగేవి పెట్టేవాడు: షట్టరుకు ఒక అయస్కాంతం, చౌకట్టుకు దాని జోడీ, రెండూ విడిపోతే బజారంతా అదిరేట్టు కూత. మొదటి నెల కూత వినపడితే జనం పరిగెత్తుకొచ్చేవాళ్లు. రెండో నెల కిటికీ తెరిచి చూసేవాళ్లు. మూడో నెల దుప్పటి ముసుగేసుకునేవాళ్లు. గాలికి షట్టరు ఊగినా, కరెంటు పోయి వచ్చినా కూసే గంటకు విలువేముంటుంది? పులి కథలో పిల్లోడికి ఏం జరిగిందో అదే.

అందుకనే డబ్బున్న అంగళ్లు ఇంకోరకం పెట్టించుకోవడం మొదలుపెట్టినాయి. గంట ఇక్కడ మోగినా మోగకపోయినా, బెంగళూరులో ఒక గదిలో మోగుతుంది. అక్కడ పగలూరాత్రీ మనుషులు కంప్యూటర్ల ముందర కూర్చోనుంటారు. అంగట్లోని అలారం పెట్టెలో ఉన్న సిమ్ము నుంచి కబురు పోతుంది: ఫలానా అంగడి, మూడో జోను, ఇన్ని గంటల ఇన్ని నిమిషాలు. వాళ్లు ఫోను తీస్తారు. మొదట అంగడికి, తర్వాత యజమానికి, తర్వాత ఆయన రాసిచ్చిన రెండో నంబరుకు. ఎవరూ సరైన మాట చెప్పకపోతే పోలీసులకు. నెలకింత అని చందా.

ఇది కొత్తదేమీ కాదు. బోస్టన్ పక్కన సోమర్‌విల్‌లో ఆగస్టస్ రస్సెల్ పోప్ అని ఒక చర్చి బోధకుడుండేవాడు. తలుపు తెరిస్తే విద్యుత్తుతో గంట మోగే ఏర్పాటుకు ఆయన 1853 జూన్ 21న పేటెంటు తీసుకున్నాడు. దొంగ వెంటనే తలుపు మూసేసినా గంట ఆగదు, అదే దాని గొప్ప. నాలుగేండ్లకు ఆ హక్కును ఎడ్విన్ హోమ్స్ అనే వ్యాపారి కొన్నాడు. మరుసటేడే, 1858లో, పోప్ చనిపోయినాడు. హోమ్స్ 1859లో న్యూయార్కు పోయి ఆ గంటతోనే పెద్ద వ్యాపారం చేసినాడు. ఎక్కడో ఒక్క గదిలో కూర్చుని ఊరందరి తలుపులనూ కనిపెట్టే పద్ధతి అట్లా పెరిగిందే. గంట కనిపెట్టినాయనకు దాని మోత వినే భాగ్యం పెద్దగా దక్కలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు అన్న నవ్వి, ‘గంట చేసినోనికి ఎప్పుడూ అంతే లేబ్బీ’ అన్నాడు. అప్పుడది జోకు.

ఆ అలారం పెట్టె మూత తీసే పద్ధతి ఒకటుంది. అది నేర్పడానికి ఆయన నన్ను ఆరు నెలలు దాన్ని ముట్టుకోనీలేదు.

ముందు ఫోను. బెంగళూరు గదికి ఫోన్ చేసి, అంగడి నంబరు చెప్పి, గుర్తుమాట చెప్పి, ‘ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా టెస్టులో పెట్టండి’ అనాల. అంటే చాలదు. ‘పెట్టినాం’ అని అవతలి మనిషి నోటితో వినాల. ఆ మనిషి పేరు, టైము చిన్న నోటుబుక్కులో రాసుకోవాల. అప్పటినుంచి ఆ అంగడి నుంచి ఏ కబురొచ్చినా వాళ్లు లెక్కలో రాసుకుంటారే గానీ ఎవరినీ లేపరు. తర్వాత యజమానికి చెప్పాల, అటూ ఇటూ అంగళ్లవాళ్లకు చెప్పాల. ఆ తర్వాత కోడు కొట్టి సిస్టం ఆపాల. దాని తర్వాత మెయిన్ కట్టేయాల, ఎందుకంటే పెట్టె లోపల ఒక మూలకు 230 వోల్టులు వచ్చి దిగుతుంది. మిగతాదంతా 12 వోల్టుల సాధువే గానీ ఆ మూల మాత్రం పాము. మెయిన్ తీసినాక బ్యాటరీ వైరు. 12 వోల్టులు, ఏడు ఆంపియర్ అవర్ల బ్యాటరీ కరెంటు కొట్టదు గానీ, దాని రెండు కొసల మధ్య స్పానరు పడినా, వేలి ఉంగరం తగిలినా క్షణంలో ఎర్రగా కాలుతుంది. అన్న కుడిచేతి ఉంగరం వేలి మీద గుండ్రటి మచ్చ ఉండేది. పని మొదలుపెట్టే ముందు ఉంగరం తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు, దేవుడి ముందర చెప్పులు విడిచినంత మామూలుగా.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎంత చెప్పినా కొత్తవాళ్ల తలకెక్కనిది ఇంకోటి ఉంది. కోడు కొట్టి ఆపేస్తే సిస్టం అంతా నిద్రపోతుందని అందరూ అనుకుంటారు. పోదు. షట్టరు, కదలిక కనిపెట్టే కళ్లు, ఇవి నిద్రపోతాయి. కౌంటరు కింద కాలితో నొక్కే పానిక్ స్విచ్చి నిద్రపోదు. పెట్టె మూతకుండే చిన్న ట్యాంపరు స్విచ్చి నిద్రపోదు. పట్టపగలు, అంగడి నిండా గిరాకీ ఉన్నా సరే, మూత లేచిందంటే కబురు బయల్దేరుతుంది. అప్పుడు సైరను మోగాలని కూడా లేదు. మన చెవికి ఏమీ వినపడదు. ఎక్కడో మోగుతుంది.

వైర్ల కొసన పెట్టే రెసిస్టరు గురించి ఆయన ఒక మాట చెప్పేవాడు. పెట్టె ప్రతి వైరునూ ఎప్పుడూ అడుగుతుంటుందంట: ‘ఉన్నావా?’ కొసనుండే రెసిస్టరు ‘ఉన్నా’ అంటుంది. వైరు తెగితే జవాబు రాదు. ఎవడన్నా రెండు వైర్లు కలిపి మోసం చేస్తే జవాబు తప్పొస్తుంది. రెండింటికీ పెట్టె లేస్తుంది. అందుకే రెసిస్టరు వైరు చివర, సెన్సారు లోపలే పెట్టాల. పెట్టెలోనే బిగించేసి చేతులు దులుపుకునేవాళ్లంటే ఆయనకు మంట. ‘కాపలాదారుని గేటుకాడ పెట్టకుండా మన పక్కలో పడుకోబెట్టుకుంటే ఏం లాభం?’

పని అయిపోయినాక ఆయన అసలు పని మొదలయ్యేది. ప్రతి జోనూ తానే దొంగ మాదిరి తాకేవాడు. షట్టరు ఎత్తేవాడు, సెన్సారు ముందర నడిచేవాడు, పానిక్ నొక్కేవాడు. మళ్లీ ఫోన్ చేసి ఒక్కొక్కటే అడిగేవాడు: మూడో జోను అందిందా? నాలుగోది? అన్నీ అందినాయని విన్నాక టెస్టు తీసేయమనేవాడు. తీసేయమని చెప్పడం మరిస్తే ఆ రాత్రంతా అంగడి దిక్కులేనిదే. ఒక్కోసారి రాత్రి పదకొండింటికి ఇంట్లో అన్నం ముందర కూర్చుని గుర్తొచ్చి, ఎంగిలి చేత్తోనే ఫోన్ చేసేవాడని వదిన నవ్వేది.

అన్నకు ఊరు ఇచ్చిన జీతం డబ్బు కాదు, తాళాలు. బజారులో సగం అంగళ్ల కోడ్లు ఆయన తలలో ఉండేవి. ‘బీగాలు తీసుకోపో అన్నా, పనైనాక ఇంటికాడ ఇయ్యి’ అనేవాళ్లు. బంగారంగడి సెట్టి కూడా.

ఇట్లాంటి నమ్మకం మా సీమకు కొత్త కాదు గానీ, దానికి పాత గాయం ఒకటుంది. వెనకట కావలి ఒక వృత్తి, ఒక హక్కు. ఊళ్లో సొత్తు పోతే దొంగను పట్టివ్వాల, పట్టలేకపోతే పోయినదానికి కావలివాడే పూచీ. దానికి బదులు రుసుమో, మాన్యమో. కుంఫిణీవాళ్లు 1816 పదకొండో రెగ్యులేషనుతో ఊరి పెద్దను, ఆయన కింద తలారిని సర్కారు పోలీసు లెక్కలోకి తెచ్చినారు. మాన్యాల మీద మాత్రం మెల్లగా చెయ్యి పడింది. ఆ మాన్యాలు పోయిన కావలివాళ్లే, కట్టుబడి బంట్లనేవాళ్లు, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినారు. ఆ జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడినవాళ్లలో నిన్నమొన్నటిదాకా ఊళ్లు కాసినవాళ్లు ఉన్నారు. 1847 ఫిబ్రవరి 22న రెడ్డిని ఉరితీసినారు, ఆయన తలను కోయిలకుంట్ల కోటలో ఏండ్ల తరబడి వేలాడదీసినారు. ఆ కథ అందరికీ తెలుసు, సినిమా కూడా వచ్చింది. నాకు ఆ కథలో రెడ్డి కన్నా కట్టుబడివాళ్ల మీదే మనసు పోతుంది. కాసినవాళ్లు దోచినవాళ్లుగా ఒక్క ఏడులో మారరు. ముందు వాళ్లను ఎవరో దొంగలను చూసినట్టు చూసుంటారు.

తలారి ఆ తర్వాత కూడా ఉన్నాడు. కరణాలు, మునసబులు 1984 జనవరిలో పోయినా తలారి పేరు మార్చుకుని కాగితాలు మోసేవాడిగా మిగిలినాడు. పేరుతో పాటు రాత్రి కూడా ఆయన చేతిలోంచి జారిపోయింది. ఆ రాత్రిని మా చిన్నప్పుడు గూర్ఖా ఎత్తుకున్నాడు. విజిలు, కర్ర, నేపాలీ టోపీ, నెలకొకసారి వాకిట్లో నిలబడి సలాం. నడిరేయి విజిలు వినిపిస్తే పడుకున్నోళ్లు పక్కకు ఒత్తిగిల్లేవాళ్లు: ఉన్నాడులే. పెట్టె వైరును అడిగే ప్రశ్న, దానికి జవాబు, రెండూ ఆ విజిలులోనే ఉండేవి. గూర్ఖాకు ఊరందరి మొగాలు తెలుసు. రెండో ఆట సినిమా చూసి వచ్చేవాడెవడో, గోడ దూకేవాడెవడో అడక్కుండానే చెప్పగలడు. పెట్టెకు మొగాలు తెలియవు. దానికి అందరూ ఒకటే. అందుకే దానికి మనమే చెప్పుకోవాల: నేనే, ఫలానా, పని మీద వచ్చినా అని.

ఆ ఆదివారం చెప్పలేదు.

సెట్టి అంగట్లో వారం నుంచి రాత్రిపూట దొంగ కబుర్లు. బెంగళూరువాళ్లు ఫోన్ చేయడం, సెట్టి నిద్రలేచి పరిగెత్తుకుని రావడం, ఏమీ లేకపోవడం. అన్న వినంగానే అన్నాడు, బల్లి. కదిలే ప్రాణి వేడిని పట్టే ఆ సెన్సారు కళ్లకు మనిషి దూరంగా ఎంత కనిపిస్తాడో, బల్లి కంటి మీదికే పాకితే అంత కనిపిస్తుంది. వైరు దూరిన రంధ్రం మూయకపోతే లోపలే కాపురం పెడుతుంది. సెన్సారు దించి, తుడిచి, రంధ్రానికి సిలికాన్ పూయాల. పెట్టె బ్యాటరీ కూడా నాలుగేండ్లది, మార్చాల. గిరాకీ ఉండగా కుదరదు, ఆదివారం రాత్రి రమ్మని సెట్టి బీగాలిచ్చి, ప్రొద్దుటూరులో పెండ్లికి పోయినాడు.

ఎనిమిదిన్నరకు షట్టరు సగం ఎత్తి లోపలికి పోయినాం. అన్న నిచ్చెన సర్దుకుంటూ, ‘అబ్బీ, ఫోన్ చేసినావా?’ అన్నాడు.

‘చేసినాన్నా’ అన్నాను.

చేసిన మాట నిజమే. అవతల పాట మోగింది. మీ కాల్ మాకు ముఖ్యం, లైన్లో ఉండండి అని మూడు భాషల్లో చెప్పింది. రెండు నిమిషాలు విన్నాను. ఆ రోజు నాకు ఇంకో తొందర ఉంది, ఇప్పుడది చెప్పుకోదగ్గది కూడా కాదు. కట్ చేసి, మళ్లీ చేద్దాంలే అనుకున్నాను. ‘పెట్టినాం’ అన్న మాట నేను వినలేదు. నోటుబుక్కులో పేరు రాయలేదు. నోటుబుక్కు ఏదీ అని ఆయన అడగలేదు. నాలుగేండ్లలో ఆయన అడగకపోవడం అదే మొదటిసారి. నన్ను నమ్మినాడు.

నేను భోజనం పొట్లాలకని సర్కిల్ దాకా పోయినాను. ఆయన నిచ్చెన ఎక్కి, సెన్సారు దించి, బల్లిని తోలేసి, రంధ్రం పూడ్చి, కిందికి దిగి, ఉంగరం జేబులో వేసుకుని, పెట్టె మూత తీసినాడు.

సైరను కూయలేదు. కూసుంటే ఆ క్షణమే ఫోన్ చేసి సరిచేసుకునేవాడు. కబురు మాత్రం ఆ నిశ్శబ్దంలో బెంగళూరు చేరింది. వారం రోజులుగా దొంగ కబుర్లొచ్చిన అంగడి, ఇప్పుడు ఏకంగా పెట్టె మూతే లేచింది. అక్కడ కూర్చున్న పిల్లో పిల్లగాడో తన పని తాను సరిగ్గానే చేసినట్టున్నారు. అంగడి ఫోను మోగలేదు, టేబుల్ జరపడానికి దాని వైరు ఆయనే పీకి పక్కన పెట్టినాడు. సెట్టి ఫోను మోగింది గానీ పెండ్లి మేళంలో వినపడలేదు. రెండో నంబరు సెట్టి బామ్మర్దిది, కడపలో ఉంటాడు. ఆయనకు పని సంగతి తెలీదు. ‘ఈ టైములో అంగట్లో ఎవురుంటారు? దొంగలే!’ అన్నాడంట. ఆయన తప్పూ లేదు. నేను వరసగా లెక్క వేసుకుంటాను ఇప్పటికీ. తప్పు చేసినవాళ్లు ఒక్కరూ కనపడరు, ఒక్క నేను తప్ప.

పొట్లాలు పట్టుకుని తిరిగొచ్చేసరికి అంగడి ముందర జీపు. నూరు మంది జనం. సగం లేచిన షట్టరు కిందనుంచి అన్న వంగి బయటికొస్తున్నాడు, ఒక చేతిలో స్క్రూడ్రైవరు, ఇంకో చేతిలో కటింగ్ ప్లేయరు, నేల మీద ఊడదీసిన బ్యాటరీ. అంతకన్నా దొంగ మాదిరి ఏ దొంగా ఉండడు. కొత్తగా వచ్చిన ఎస్సైకి అలారమన్న ఎవరో తెలీదు. ‘నేను అలారం పెట్టినోణ్ణి సార్’ అని అన్న చెప్తూనే ఉన్నాడు. ‘అవునా, తీయడం కూడా నీకే తెలుసన్నమాట’ అని ఎవరో వెనకనుంచి అన్నారు. జనం నవ్వినారు. ఆ నవ్వినవాళ్లలో ఆయన అలారాలు పెట్టిన అంగళ్లవాళ్లు ఇద్దరు ఉన్నారు.

పన్నెండింటికి సెట్టి వచ్చినాడు. స్టేషనులో కుర్చీ మీద కూర్చోనున్న అన్న చేతులు పట్టుకుని, తప్పైపోయిందన్నాడు. కేసు లేదు, కాగితం లేదు, ఎవరూ చెయ్యి చేసుకోలేదు. ఎస్సై టీ కూడా తెప్పించినాడు. ‘ఫోన్ చేయాల్సింది కదప్పా’ అన్నాడు సెట్టి.

‘నేనే మరిచినా’ అన్నాడు అన్న.

నేను పక్కనే నిలబడున్నాను. ఆయన నా దిక్కు చూడలేదు.

తెల్లారేసరికి బ్రహ్మంగారి మఠం బస్సులో కూడా అదే మాట. బంగారంగట్లో దొరికినాడంట. అంట అనే ఒక్క మాట చాలు మన ఊళ్లల్లో. నెల రోజుల్లో ఒక్కొక్కరే కడప నుంచి ఎవరినో పిలిపించి కోడ్లు మార్పించుకున్నారు. ఎవరూ ఆయనను ఏమీ అనలేదు, అంగట్లోకి పిలిచి కాఫీ కూడా పోసినారు. బీగాలు మాత్రం చేతికియ్యలేదు. ‘మేముండంగనే చేసిపో అన్నా’ అనేవాళ్లు నవ్వుతూ. పని చేస్తుంటే వెనక ఒక పిల్లోణ్ణి కూర్చోబెట్టేవాళ్లు. ఆయనకు వీపు మీద కళ్లు లేవు గానీ సెన్సార్ల మనిషి కదా, ఎవరు ఎటు చూస్తున్నారో తెలిసేది. ఒకసారి మధ్యాహ్నం పని సగంలో ఆపి, స్క్రూలన్నీ లెక్కపెట్టి ఆ పిల్లోని చేతిలో పెట్టి వచ్చేసినాడు.

నేను నిజం చెప్తానని రెండుసార్లు ఆయన ముందర కూర్చున్నాను. రెండోసారి ఆయనే అన్నాడు, ‘నువ్వింకా పెండ్లి గావాల్సినోనివి. నాకేముంది లే.’ అని హూటరు కింద కుర్చీలో వెనక్కి వాలినాడు.

2019లో అంగడి ఖాళీ చేసినాడు. హూటరును నాకిచ్చి పోయినాడు.

ఇవన్నీ మళ్లీ పైకి తేలింది 2024 నవంబరులో. వరంగల్లు జిల్లా రాయపర్తి. మండల కేంద్రంలో స్టేట్ బ్యాంకు. 19వ తేదీ పొద్దున సిబ్బంది వచ్చి చూస్తే కిటికీ గ్రిల్లు లేదు, అలారం వైర్లు, కెమెరా వైర్లు తెగి ఉన్నాయి, లాకర్లు గ్యాస్ కట్టరుతో కోసి ఉన్నాయి, కెమెరాలు చూసిందంతా దాచుకునే డీవీఆర్‌ను కూడా దొంగలు ఎత్తుకుపోయినారు. సుమారు 19 కిలోల బంగారం, 13 కోట్ల 61 లక్షల రూపాయలని లెక్క కట్టినారు. దాదాపు అయిదు వందల ఇండ్ల మెడలు అవి. మా దిక్కు మాదిరే, పంటకు దిగినవి. డిసెంబరు 6న పోలీసులు ముగ్గుర్ని చూపించినారు, రెండున్నర కిలోలు దొరికింది. రాయపర్తికి ముందు నెలలోనే కర్ణాటకలో, దావణగెరె జిల్లా న్యామతి స్టేట్ బ్యాంకులో ఇదే వరస, 17 కిలోల పైన. అది మాత్రం అయిదు నెలల తర్వాత తమిళనాట ఉసిలంపట్టి దిక్కు ఒక బావిలో చాలావరకు దొరికింది. 2025 జూలైలో మన సీమలోనే, హిందూపురం పక్కన తూముకుంట స్టేట్ బ్యాంకు.

రాయపర్తి వార్త చదివిన రోజు నేను పేపరు మడిచి చాలాసేపు హూటరు దిక్కు చూస్తూ కూర్చున్నాను. వైరు తెగడమే ఒక కబురు. అన్న భాషలో చెప్పాలంటే, ‘ఉన్నావా’ అంటే జవాబు రాకపోవడం. ఆ రాత్రి ఆ కబురు తెల్లారేదాకా ఒక్క మనిషిని కూడా నిద్ర లేపలేదు. 19 కిలోల బంగారం కిటికీ దాటిపోతుంటే కూయనిది, ఒక బల్లిని తోలడానికి పోయిన మనిషిని మాత్రం పన్నెండు నిమిషాల్లో పట్టిచ్చింది. అన్న పెట్టిన అలారం అంత బాగా పనిచేసింది. ఆ బజారులో అది పట్టిచ్చిన మనిషి ఆయనొక్కడే.

పోయిన నగకు బ్యాంకు ఖరీదు కట్టివ్వొచ్చు. అవ్వ మెడలోంచి అమ్మ మెడలోకి వచ్చిన కాసులపేరును తూకం వేసి ఎట్లా కట్టిస్తారో నాకు తెలీదు. అన్నకైతే కట్టివ్వడానికి తూకం కూడా లేదు.

ఆయనను చివరిసారి చూసింది 2020 ఫిబ్రవరిలో. బెంగళూరులో ఒక పెద్ద అపార్ట్‌మెంటు. మా ఊరాయనొకరు అడ్రసు చెప్తే వెతుక్కుంటూ పోయినాను. గేటు పక్కన రేకుల గది, నీలం చొక్కా, భుజం మీద తాడుకు కట్టిన విజిలు. సన్నబడినాడు. ఉంగరం వేలికి లేదు, మచ్చ మాత్రం ఉంది.

నన్ను చూసి లేచినాడు గానీ గేటు తీయలేదు. అప్పుడే ఒక కారు వచ్చి ఆగింది. లోపల సూటేసుకున్నాయన, పదో అంతస్తుకంట, హారన్ కొడుతున్నాడు. అన్న తొందరపడలేదు. గదిలోకి పోయి ఇంటర్‌కామ్ ఎత్తి, ఇంటి నంబరు కొట్టి, ఎవరొచ్చినారో చెప్పి, అవతల మాట వినేదాకా ఆగినాడు. విని, టైము రాసుకుని, అప్పుడు గేటు తీసినాడు. కారాయన కన్నడంలో ఏదో తిట్టిపోయినాడు. ‘రోజూ తిడతారు’ అన్నాడు అన్న, నవ్వుతూ. ‘ఆ గది కూడా ఈ ఊర్లోనే యాడో ఉంటుంది. మనల్ని పట్టిచ్చింది. ఒకసారి పోయి చూడాల.’

నేను ఆ మాట ఎత్తబోయినాను. నోట్లోనే ఉంది. ఆయన రిజిస్టరు తెరిచి, పెన్ను కట్టిన దారం విప్పి నా ముందరికి తోసినాడు.

‘రాయబ్బీ. ఎవురైనా రాయాల్సిందే.’

పేరు రాసినాను. ఊరు మైదుకూరు అని రాసినాను. వచ్చిన టైము రాసినాను. తర్వాతి గడి, ఎవరిని కలవడానికి. ఆయన అసలు పేరు నాకు తెలుసు గానీ ఎన్నడూ రాసిన చెయ్యి కాదు. అలారమన్న అని రాయాలంటే చెయ్యి ఆడలేదు. పెన్ను పట్టుకుని అట్లే నిలబడితే, రిజిస్టరు తన దిక్కు తిప్పుకుని ఆయనే రాసినాడు, గుండ్రటి అక్షరాలతో, వైర్ల మీద జోను నంబర్లు రాసినంత శ్రద్ధగా: వాచ్‌మ్యాన్.